ఖనిజం వాళ్లది, లెక్క ఎవరి చేతిలో?

ప్రశ్న: ధనిక దేశాల కంపెనీలే పేద దేశాల్లో గనులు తవ్వుకుంటాయి. అక్కడ పన్నుల వసూలుకు సాయం చేస్తామని మళ్లీ ఆ దేశాలే వస్తాయి. నమ్మొచ్చా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. అయినా జాంబియా సంగతి చూడండి. మొపాని అనే కంపెనీ తన రాగిని అప్పట్లో తన యజమాని అయిన స్విట్జర్లాండ్ గ్రూపు గ్లెన్‌కోర్‌కే మార్కెట్ కంటే తక్కువ ధరకు అమ్మిందని పన్నుల శాఖ తేల్చింది. లాభం కాగితాల మీద తగ్గితే పన్నూ తగ్గుతుంది కదా! దీన్ని బయటపెట్టిన ఆడిట్‌కు నార్వే డబ్బిచ్చింది. కేసు ఏళ్లతరబడి నడిచి, 2020లో సుప్రీంకోర్టు పన్నుల శాఖ పక్షానే తీర్పు చెప్పింది. నాకు ఇలాంటి సాయం మీదే గురి. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి), యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) కలిసి 2015లో మొదలుపెట్టిన పథకం కూడా ఇదే బాటలో అనుభవజ్ఞులైన ఆడిటర్లను పంపి, స్థానిక అధికారుల పక్కనే కూర్చోబెడుతుంది.

ఇక పారదర్శకత. ఈఐటీఐ అని గనులు, చమురు ఆదాయాల లెక్కలు బయటపెట్టించే అంతర్జాతీయ వేదిక ఒకటి ఓస్లో కేంద్రంగా పనిచేస్తుంది. అందులో చేరిన దేశాలు తమ దగ్గర గనుల కంపెనీలు ఎంత కట్టాయో, ప్రభుత్వానికి ఎంత ముట్టిందో ప్రకటించాలి. 2021 నుంచి కుదిరే కొత్త ఒప్పందాలనూ బయటపెట్టాలి. మంచిదే. కానీ సెమినార్లకు పెట్టే ఖర్చు ఆడిటర్ల మీద పెడితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. సాయం చేసే దేశాలు తమ గడ్డమీద ఉన్న కంపెనీల ఖాతాల సమాచారం కూడా అడిగిన వెంటనే ఇవ్వాలి.