'హోస్టు'ను 'పరిష్కరించ'వచ్చునా?

సందేహం: మా ఇంట్లో ఉబుంటు లినక్స్ ఉన్న కంప్యూటరు పేరును హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఆదేశంతో 'గోదావరి' అని మార్చాను. అప్పటి నుంచి సుడోతో (అంటే నిర్వాహకుని అధికారంతో) ఏ ఆదేశం ఇచ్చినా 'అన్ఏబుల్ టు రిజాల్వ్ హోస్ట్ గోదావరి' అనే హెచ్చరిక వస్తోంది. ఇలాంటి సందేశాలను తెలుగు చేస్తున్న ఒక మిత్రుడు దీన్ని 'గోదావరి ఆతిథేయిని పరిష్కరించలేకపోయింది' అని రాశాడు. ఇది సరైన తెలుగేనా? ఇంటర్నెట్ బాగానే వస్తున్నప్పుడు అసలు ఈ హెచ్చరిక ఎందుకు వస్తోంది?
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుని వాక్యంలో మొదటి చిక్కు అన్వయంలోనే ఉంది. 'గోదావరి' ప్రథమా విభక్తిలో నిలిచి కర్త అయిపోయింది. గోదావరి అనే ఎవరో మరొక ఆతిథేయిని పరిష్కరించలేకపోయినట్లు అర్థం వస్తోంది. ఇక క్రియ సంగతి. 'పరి' అనే ఉపసర్గ తరువాత 'కృ' ధాతువుకు అలంకరించడమనే అర్థంలో సకారం ఆగమంగా వచ్చి, అది షకారంగా మారితే 'పరిష్కారం' ఏర్పడింది. అందుకే తాళపత్ర ప్రతులను సరిచూసి శుద్ధప్రతిని సిద్ధం చేసినవారిని గ్రంథ పరిష్కర్త అంటున్నాం. నేటి తెలుగులో సమస్యను, తగాదాను, గ్రంథాన్ని పరిష్కరిస్తాం. మనిషిని గాని, యంత్రాన్ని గాని పరిష్కరించం. నిఘంటువులో 'రిజాల్వ్' ఎదురుగా మొదట కనిపించిన అర్థాన్ని తెచ్చి ఇక్కడ పెట్టడం వల్ల ఈ వాక్యం పుట్టింది.

ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల చిరునామాలతో గుర్తిస్తాయి; మనం పేర్లతో పిలుస్తాం. పేరు చెప్పగానే దాని చిరునామా కనుక్కోవడమే 'రిజాల్వ్' చేయడం. లినక్స్ సాధారణంగా ముందు తనలోనే ఉన్న హోస్ట్స్ అనే ఫైలును చూస్తుంది. అందులో ఆ పేరు లేకపోతే బయట ఉన్న, పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సర్వరును అడుగుతుంది. మీరు వాడిన ఆదేశం ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్‌నేమ్ ఫైలును మార్చింది గాని, ఆ పక్కనే ఉన్న హోస్ట్స్ ఫైలు జోలికి పోలేదు. డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో ఆ ఫైలులో 127.0.1.1 అనే చిరునామా ఎదురుగా కంప్యూటరు పేరు రాసి ఉంటుంది. మీ ఫైలు తెరిచి చూస్తే అక్కడ పాత పేరే కనిపిస్తుందని నా అంచనా. దాన్ని తీసి, మీరు ఆదేశంలో ఇచ్చిన అక్షరాలతోనే కొత్త పేరు రాసి భద్రపరచండి. తరువాత సుడోతో ఇచ్చే ఆదేశానికి ఆ హెచ్చరిక రాదు. మీ కంప్యూటరుకు లోకంలోని పేర్లన్నీ దొరుకుతున్నాయి, తన పేరొక్కటే దొరకడం లేదు. ఇంటర్నెట్ బాగానే ఉండి కూడా హెచ్చరిక రావడానికి కారణం ఇదే.

ఇక 'ఆతిథేయి' గురించి. అతిథుల పట్ల మంచిగా మెలగేవాడు అనే అర్థంలో 'అతిథి' శబ్దం మీద ప్రత్యయం చేరి 'ఆతిథేయ' అయింది. దారికి ఉపయోగపడే 'పాథేయం' కూడా ఇదే ప్రత్యయంతో ఏర్పడిన మాట. పత్రికల్లో 'ఆతిథేయ జట్టు' అన్నప్పుడు అది చక్కగా అమరుతుంది. (దీన్ని 'అతిధేయ' అని రాయడం రెండు విధాల తప్పు: మొదట దీర్ఘం ఉండాలి, తరువాత థకారం ఉండాలి.) అయితే కంప్యూటరును హోస్ట్ అనడానికి ఒక చరిత్ర ఉంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కాలంలో ఒక పెద్ద యంత్రాన్ని ఎందరో పంచుకుని పనిచేసుకునేవారు; నెట్‌వర్కుకు తగిలించిన అటువంటి యంత్రానికే ఆ పేరు. ఆ నెట్‌వర్కు పనితీరును చర్చిస్తూ రాసిన ఆర్ఎఫ్‌సీ పత్రాల్లో 1969 ఏప్రిల్ 7న వెలువడిన మొట్టమొదటి దానికి 'హోస్ట్ సాఫ్ట్‌వేర్' అనేదే శీర్షిక. ఆనాటి యంత్రాల పేర్లు, చిరునామాలు అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. 1983లో డీఎన్ఎస్ రూపుదిద్దుకున్న తరువాత కూడా ఆ పద్ధతి మన ఇళ్లలోని హోస్ట్స్ ఫైలులో మిగిలింది. ఇంట్లో ఒక్కరో ఇద్దరో వాడుకునే యంత్రాన్ని తెలుగులో ఆతిథేయిని చేస్తే చదివేవారికి ఆ చరిత్రా అందదు, ఈనాటి పనీ బోధపడదు. 'హోస్ట్‌నేమ్'కు 'కంప్యూటరు పేరు' అంటే చాలునని నా అభిప్రాయం. ఫైలు పేరును మాత్రం అనువదించకుండా 'హోస్ట్స్' అనే ఉంచాలి. లేకపోతే వెదికేవారికి అది దొరకదు.

అనువాదకులు తప్పక గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఇటువంటి సందేశాల్లో పేరు ఉండవలసిన చోటును ఖాళీగా వదులుతారు, దాన్ని యంత్రం నింపుతుంది. తెలుగులో ఇ, ఈ, ఐలతో ముగిసే మాటల మీద 'ని', 'కి' వస్తాయి. మిగిలిన వాటి మీద 'ను', 'కు' వస్తాయి. గోదావరికి అంటాం, కృష్ణకు అంటాం. ఏ పేరు రాబోతున్నదో తెలియని ఖాళీకి 'కు' తగిలిస్తే 'గోదావరికు' అని పడుతుంది, 'కి' తగిలిస్తే 'కృష్ణకి' అవుతుంది. మాటల్లో చెల్లే రూపమైనా, గ్రాంథిక మర్యాద పాటించేవారు దాన్ని ఒప్పుకోరు. 'అనే' అన్న చిన్న మాట ఈ ఇబ్బందిని పూర్తిగా తొలగిస్తుంది. కనుక మీ హెచ్చరికను 'గోదావరి అనే కంప్యూటరు పేరుకు చిరునామా దొరకలేదు' అని రాయవచ్చు. చదివినవారు ఆ పేరు, చిరునామా ఎక్కడ రాసి ఉండాలో చూడడానికి వెళతారు. మరమ్మతు జరగవలసిన చోటు కూడా అదే.

ఇలాంటి సందేశాల్లోనే వచ్చే 'నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్'కు 'ఆకృతీకరణ' అనే మాట కొన్నిచోట్ల కనిపిస్తోంది. శుద్ధీకరణం, ఏకీకరణం మాదిరిగా, అంతకుముందు ఆకృతి కానిదాన్ని ఆకృతిగా చేయడం అని దాని అర్థం. 'నెట్‌వర్క్ అమరిక' అంటే పొట్టిగానూ ఉంటుంది, అందరికీ తెలుస్తుంది.

మీ మిత్రుడు ఈ పని కొనసాగిస్తే 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అనే సందేశం కూడా ఎదురవుతుంది. దాన్ని 'నామ పరిష్కారంలో తాత్కాలిక వైఫల్యం' అనవద్దని చెప్పండి. పేరు లేదని కాదు, పేరు అడగవలసిన సర్వరు నుంచి జవాబు రాలేదని దాని భావం. గూగుల్ సర్వరుదైన 8.8.8.8 అనే అంకెల చిరునామాకు పింగ్ చేస్తే (అంటే పలుకుతుందో లేదో చూడడానికి చిన్న సందేశం పంపితే) జవాబు వస్తూ, పేరుతో పింగ్ చేస్తే రాకపోతే లోపం డీఎన్ఎస్ అమరికలో ఉన్నట్లు. కాబట్టి 'ఈ పేరుకు చిరునామా ప్రస్తుతానికి తెలియరాలేదు' అని రాస్తే పేరే లేకపోవడానికి, జవాబు రాకపోవడానికి ఉన్న తేడా తెలుగులోనూ నిలుస్తుంది.