టీకి డబ్బు ఇవ్వకండి, వంతు తీసుకోండి

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మీ ఆఫీసులో మధ్యాహ్నం సహోద్యోగులు టీ తెచ్చి ఇస్తున్నారని, డబ్బు ఇవ్వబోతే వద్దంటున్నారని మీరు రాశారు. వారు ఎదురుచూసేది మీ వంతు కోసం. బ్రిటన్‌లో టీకి లేచినవారు పక్కవారిని కూడా అడిగి అందరికీ కలిపి పెట్టడం మర్యాద. రేపు మీరే ముందు లేవండి. ఎవరికి చక్కెర కావాలో, ఎవరికి పాలు ఎక్కువో కాగితం మీద రాసుకోండి.

దయచేసి మన ఇంట్లోలా పాలతో కలిపి మరిగించకండి! కప్పులో టీ బ్యాగు వేసి, అప్పుడే మరిగిన నీళ్లు పోసి, మూడు నాలుగు నిమిషాలు ఆగండి. బ్యాగు తీశాక కొద్దిగా చల్లని పాలు చాలు. పాలు ముందే పోస్తే నీళ్ల వేడి తగ్గి డికాషన్ సరిగా దిగదు.

విరామం సంగతి: బ్రిటన్‌లోని 1998 నాటి పనివేళల నిబంధనల ప్రకారం ఆరు గంటలకు మించి పనిచేసే రోజు 20 నిమిషాల విరామం మీ హక్కు. దానికి జీతం ఉంటుందో లేదో మీ ఉద్యోగ ఒప్పందంలో చూసుకోండి.