ఇన్సూరెన్స్ అయిపోయిన కారుతో యాక్సిడెంట్ చేశాను, డబ్బులు ఎవరు కట్టాలి?

ప్రశ్న: సార్, ఫ్రెండ్ దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, ఆర్సీ ఇంకా వాడి పేరు మీదే ఉంది. ఇన్సూరెన్స్ అయిపోయి 20 రోజులైంది. నేను నడుపుతుంటే బైక్ కి తగిలింది, ఆయనకి కాలు విరిగి రాడ్ వేశారు, కారు పోలీస్ స్టేషన్ లో ఉంది. ఇన్సూరెన్స్ కి 90 రోజులు గ్రేస్ ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజం కాదండి. ఆ 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోకుండా రెన్యువల్ చేసుకోడానికి, అంతే. గడువు దాటాక జరిగిన యాక్సిడెంట్ కి కంపెనీ రూపాయి ఇవ్వదు. ఇప్పుడు పాలసీ తీసుకుంటే నేను మేనేజ్ చేస్తా అని ఎవరో ఒక ఏజెంట్ తగులుతాడు, వాడి జోలికి పోవద్దు, పాలసీ మీద తేదీతో పాటు టైం కూడా పడుతుంది, ఎఫ్ఐఆర్ లో యాక్సిడెంట్ టైం ఉంటుంది, రెండూ పక్కపక్కన పెడితే చాలు దొరికిపోతారు, అప్పుడు చీటింగ్ కేసు అదనం.

ఇన్సూరెన్స్ లేనందుకు ఫైన్ మొదటిసారికి 2,000, మూడు నెలల వరకు జైలు కూడా వెయ్యొచ్చు. కానీ మీకు అసలు దెబ్బ ట్రిబ్యునల్ లో, అంటే యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టులో. నడిపింది మీరు కాబట్టి మీరు బాధ్యులే, ఆర్సీలో పేరుంది కాబట్టి మీ ఫ్రెండ్ కూడా బాధ్యుడే, కారు అమ్మేశాను నాకేం సంబంధం అంటే కుదరదని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. పాపం మీ ఫ్రెండ్ కి ఈ విషయం ఇప్పుడే చెప్పండి, నోటీసు వచ్చాక తెలిస్తే ఫ్రెండ్షిప్ కూడా పోతుంది.

ఎంత పడుతుంది అంటే, దెబ్బ తగిలినాయన వయసు 32, నెలకి 15,000 సంపాదన, కాలు వల్ల పని చేసే శక్తి 10 శాతం తగ్గింది అనుకుందాం. ఏడాదికి 1,80,000, ఆ వయసుకి మల్టిప్లయర్ (ఏడాది సంపాదనని ఎంతతో గుణించాలో వయసుని బట్టి చెప్పే అంకె) 16, అందులో 10 శాతం అంటే 2,88,000. హాస్పిటల్ బిల్లులు, పనికి వెళ్లని నెలల జీతం, నొప్పికి పరిహారం, వడ్డీ ఇవన్నీ దీని పైన. ఆయన రాంగ్ రూట్ లో వచ్చాడని రుజువైతే ఆ మేరకు తగ్గుతుంది, సీసీ కెమెరా ఫుటేజ్ ఉంటే చెరిగిపోకముందే పోలీసులకి రాతపూర్వకంగా అడగండి. అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, వచ్చాక కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, ఆస్తి జప్తు దాకా వెళ్తుంది.

అందుకే నా మాట వినండి, రాజీకి వెళ్లండి, కానీ పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకుని క్యాష్ ఇచ్చేసి వచ్చేయకండి, రేపు ఆయన ట్రిబ్యునల్ కి వెళ్తే ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుందని చెప్పలేను. హాస్పిటల్ బిల్లు కట్టినా అకౌంట్ నుంచే కట్టి రసీదులు దాచుకోండి. ఆయన క్లెయిమ్ వేశాక లోక్ అదాలత్ లో సెటిల్ చేసుకుంటే దానిమీద అప్పీల్ ఉండదు, అక్కడితో క్లెయిమ్ ముగుస్తుంది. క్రిమినల్ కేసు మాత్రం వేరే, దానికి విడిగా లాయర్ ని పెట్టుకోండి.

కారు స్టేషన్ లోనే ఉంది కదా, పరిహారానికి సరిపడా సెక్యూరిటీ చూపిస్తేగానీ వదలరు. కారు విడిపించే పిటిషన్ ఆర్సీ ఓనర్ పేరు మీద వెయ్యాలి, కాబట్టి కోర్టుకి వెళ్లేటప్పుడు ఫ్రెండ్ ని వెంటబెట్టుకుని వెళ్లండి.