తెలుగు పేరున్న ఫైళ్లకు ఎంవీ ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అంటోంది, ఎందుకు?

ప్రశ్న: ఎక్స్‌ఫ్యాట్ హార్డ్‌డిస్క్‌లో ఉన్న ప్రవచనాల ఫోల్డర్‌ని ఉబుంటు ల్యాప్‌టాప్‌లోకి ఎంవీతో (ఫైళ్లను కదిపే, పేరు మార్చే కమాండ్) తెస్తుంటే కొన్ని ఫైళ్ల దగ్గర ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ వచ్చింది. ఆ పేర్లు వంద అక్షరాలు కూడా లేవు. సుడో పెట్టి (అడ్మిన్ హక్కులతో) మళ్లీ కొడితే ఈసారి ‘డైరెక్టరీ నాట్ ఎంప్టీ’ అంటోంది.

జవాబు: డిస్క్ బాగానే ఉంది. పర్మిషన్ల గొడవ కూడా కాదు, కాబట్టి సుడోని పక్కన పెట్టండి. పేరు పొడవును రెండు ఫైల్‌సిస్టమ్‌లు (డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతులు) రెండు రకాలుగా కొలుస్తున్నాయి, అంతే.

ఎక్స్‌ఫ్యాట్‌లో పేరుకు 255 యూనికోడ్ యూనిట్ల దాకా చోటుంది. మీ ల్యాప్‌టాప్‌లోని ఈఎక్స్‌టీ4లో ఉన్నది 255 బైట్లే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు, తెలుగు కోడ్ ఒక్కోదానికి 3 కావాలి. అంటే 85 కోడ్‌లు, చివర ‘.ఎంపీ3’ లాంటి 4 బైట్ల ఎక్స్‌టెన్షన్ ఉంటే 83. పైగా కోడ్ అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు, ఒత్తు వేరు. ‘స్త్రీ’ చూడటానికి ఒక్కటే, లోపల 6 కోడ్‌లు, 18 బైట్లు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా 3 బైట్లు తింటుంది. పాత ఉబుంటులో హోమ్ ఫోల్డర్‌ని ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే హద్దు 143 బైట్లకే పడిపోతుంది, అంటే 47 తెలుగు కోడ్‌లు.

అనుమానం ఉన్న పేరును ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో, లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌కి పైప్ చేసి చూడండి. హైఫన్ సీ బైట్లు చెబుతుంది, హైఫన్ ఎం కోడ్‌లు చెబుతుంది. ప్రింట్‌ఎఫ్ బదులు ఎకో వాడితే చివరి న్యూలైన్ కూడా లెక్కలోకి వచ్చి ఒకటి ఎక్కువ చూపిస్తుంది. బైట్లు 255 లోపే ఉన్నా అదే ఎర్రర్ వస్తుంటే మొత్తం పాత్ (ఫోల్డర్ల పేర్లతో కలిపిన పూర్తి చిరునామా) 4096 బైట్లు దాటిందేమో చూడాలి. అది అరుదు.

ఇక రెండో ఎర్రర్. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో అయితే ఎంవీ పేరు మార్చి ఊరుకుంటుంది. వేరే డిస్క్‌కి అయితే కాపీ చేసి, తర్వాత పాతది తీసేస్తుంది. మీరు ఫోల్డర్‌ని ఇచ్చారు కాబట్టి, అందులో ఒక్క ఫైల్ ఫెయిలైనా పాత ఫోల్డర్ జోలికి పోదు. మీ ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లో ఇంకా ఉన్నాయన్నమాట. ఇటువైపు మాత్రం సగం కాపీ మిగిలిపోయింది. రెండోసారి దాన్ని తొలగించి మొదలుపెట్టాలని చూసి, లోపల ఫైళ్లు ఉండటంతో ఆగిపోయింది. ఫోల్డర్ బదులు నక్షత్రం గుర్తుతో లోపలి ఫైళ్లను ఇచ్చి ఉంటే కథ వేరు: దేనికదే విడిగా కదులుతుంది, వచ్చేసినవి అక్కడ ఉండవు, ఫెయిలైనవే ఉంటాయి.

పేర్లు హార్డ్‌డిస్క్‌లోనే కుదించండి, ల్యాప్‌టాప్‌లో కుదరదు. కట్ కమాండ్‌తో మాత్రం వద్దు. గ్నూ కట్ చాలా వెర్షన్లలో హైఫన్ సీ అన్నా బైట్ల లెక్కే, తెలుగు కోడ్ నడిమికి తెగి పేరు చివర ప్రశ్నార్థకాలు వస్తాయి. బ్యాష్ సబ్‌స్ట్రింగ్ (టెర్మినల్‌లోనే పేరులో కొంత భాగం తీసుకునే పద్ధతి) యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాష సెట్టింగ్) కోడ్‌ల లెక్కన కోస్తుంది, అది నయం. ఎక్స్‌టెన్షన్ విడిగా తీసి, మొదటి 75 కోడ్‌లు ఉంచి, మళ్లీ తగిలించండి. ప్రవచనాలకు ఇంకో చిక్కుంది: ‘12వ భాగం’ అన్నది పేరు చివర్లో ఉంటే కోశాక అన్నీ ఒకే పేరవుతాయి, ఒకదాని మీద ఒకటి రాసుకుపోతాయి. భాగం సంఖ్యని ముందుకు తెచ్చి, పేరు మార్చేటప్పుడు ఎంవీకి హైఫన్ ఎన్ ఇవ్వండి. ఉన్నదాన్ని చెరపదు.

తర్వాత ఎంవీ బదులు ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్ వాడండి. సగంలో ఆగినా మళ్లీ నడపొచ్చు. ముందు హైఫన్ ఆర్‌సీఎన్‌వీతో నడిపితే ఏమీ కదపకుండా, రెండువైపులా చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) పోల్చి, ఇంకా రావాల్సినవీ తేడా ఉన్నవీ చూపిస్తుంది. పెద్ద ఫోల్డర్‌కి టైమ్ పడుతుంది. జాబితా సబబుగా ఉంటే హైఫన్ ఏవీతో అసలు కాపీ కొట్టి, చెక్‌సమ్ రన్ మళ్లీ ఒకసారి. ఈసారి జాబితాలో ఫైళ్లేవీ కనిపించకపోతేనే హార్డ్‌డిస్క్‌లోది చెరపండి.