ఎక్సెల్‌లో తెలుగు పేర్లు చెదిరిపోతే మళ్లీ టైపు చేయనక్కరలేదు

నమస్కారమండీ. మిర్యాలగూడలోని మీ రైస్‌మిల్లుకు ధాన్యం తెచ్చిన రైతుల జాబితా ఉన్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) ఎక్సెల్‌లో తెరిస్తే పేర్ల స్థానంలో పిచ్చిగుర్తులు వస్తున్నాయని రాశారు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కనే డిగ్రీ గుర్తు కనిపిస్తున్నాయి కదా? అయితే మీ పేర్లు భద్రంగానే ఉన్నాయి. కంప్యూటర్లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. ఎక్సెల్ ఆ మూడింటినీ కలిపి ఒక్కటిగా కాక, విడివిడి అక్షరాలుగా చదువుతోంది, అంతే.

ఎక్సెల్‌లో సేవ్ చేయకుండా మూసేయండి. ఫైలుకు నకలు తీసి, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడా తెలుగు కనబడకపోతే ఎన్‌కోడింగ్ మెనూలో ‘యూటీఎఫ్-8’ ఎంచుకోండి. అక్షరాలు కుదురుకున్నాకే ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8-బామ్’ నొక్కి సేవ్ చేయండి. మొదటిది చదివే తీరును మారుస్తుంది, రెండోది ఫైలునే మారుస్తుంది. ఈ వరుస తప్పితే పిచ్చిగుర్తులే ఫైల్లో స్థిరపడతాయి. అలా ఫైలు మొదట్లో చేరే 3 బైట్ల ముద్రను (బామ్ అంటే ఇదే) చూసి ఎక్సెల్ తెలుగును గుర్తుపడుతుంది.

నల్లగొండలో నా డీటీపీ పనికి ఈ ఎడిటరే ఆధారం. 2003 నుంచి ఉచితంగా దొరుకుతోంది, మూలకోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. నాకు మాత్రం అంతకంటే విలువైనది, ఫైల్లో నిజంగా ఏముందో దాచకుండా చూపించడం. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు తమకు తోచినట్టు ఊహించుకుని మన పేర్లను పాడుచేస్తుంటే, ఇది మన చేతికే పగ్గాలిస్తుంది.

పేర్ల చోట వట్టి ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అక్షరాలు పోయినట్టే. జాబితా పంపినవారిని అసలు ఫైలు అడగండి.