ఓఆర్ఎస్ గ్లాసుకు కాదు, లీటరుకు

అక్కా, అనంతపురంలో మీ అత్తమ్మకు ఫ్లూ జ్వరమని, సగం ప్యాకెట్ ఓఆర్ఎస్ గ్లాసులో కలిపి ఇస్తే వాంతి అవుతోందని రాసినారు. తప్పంతా కలపడంలోనే ఉంది. 21 గ్రాముల ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు. గ్లాసులో వేస్తే ఉప్పు చిక్కనై కడుపు తిప్పుతుంది, ఒంట్లో నీళ్లనే లాగేస్తుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలిపి, రెండు నిమిషాలకో చెంచా పట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి. నడుమ పలుచటి రాగిజావ ఇస్తే సరే, సంగటి ఇప్పుడే వద్దు.

మాత్ర లేకుండా జ్వరం తగ్గి ఒక రోజు గడిచేదాకా పిల్లల్ని ఆమె పక్కన పడుకోబెట్టొద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ జోలికి పోవద్దు, ఫ్లూ వైరస్ మీద అది పనిచేయదు. పెద్ద వయసు కాబట్టి ఈరోజే డాక్టరుకు చూపించండి. ఫ్లూ వైరస్‌కు డాక్టరు రాసే మందు ఒసెల్టామివిర్, జబ్బు మొదలైన మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, మత్తు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే.