డాక్టర్ సలహా: ఇన్సులిన్ మొదలుపెడితే ఇక జీవితాంతమేనా?

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా. ఈమధ్య మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెడదామని మా డాక్టర్ అంటున్నారు. ఒకసారి మొదలుపెడితే ఇక వదలదని ఇంట్లో వాళ్లు భయపెడుతున్నారు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చావవని, నిద్రపోతాయని, తాము అమ్మే పొడి తాగితే లేస్తాయని, అప్పుడు మాత్రలు మానేయొచ్చని ఒక వీడియోలో చెప్పారు. ఆ కణాలు నిజంగా బతికే ఉంటాయా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందుగా ఒక మాట. మాత్రలు మానకండి, ఆ పొడి కొనకండి. వీడియోలో చెప్పినదాంట్లో ఒక ముక్క నిజమే. ఆ ముక్కను అడ్డం పెట్టుకుని పొడి అమ్ముకోవడం చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే అసలు నిజం మీలాంటి వారికి ఎంతో ఆశనిచ్చేది.

క్లోమ గ్రంథిలో లాంగర్‌హాన్స్ పుటికలని ఉంటాయని బడిలో చదువుకునే ఉంటారు. బీటా కణాలు ఉండేది వాటిలోనే. రక్తంలో గ్లూకోజ్ పెరగగానే అది ఈ కణంలోకి వెళ్లి శక్తిగా మారుతుంది. దాంతో కణం పైపొర మీద పొటాషియం దారులు మూసుకుంటాయి, క్యాల్షియం లోపలికి వస్తుంది. ఆ సంకేతం అందగానే లోపల సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి విడుదలవుతుంది. మీరు వేసుకునే గ్లిమిపిరైడ్ కూడా ఆ పొటాషియం దారినే మూయిస్తుంది.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగానే ఉంటే ఈ సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కొన్ని కణాలు ఆ ఒత్తిడికి నిజంగానే చనిపోతాయి. మరికొన్ని బతికే ఉంటాయి కానీ బీటా కణాల్లా పనిచేయవు. ఇన్సులిన్ తయారీకి కావలసిన జన్యువులు వాటిలో మందగిస్తాయి. అలా అవి ఇంకా ఏ పనికీ కుదురుకోని తొలినాటి కణాల స్థితికి జారిపోతాయి. కొలంబియా యూనివర్సిటీలో డొమెనికో అచీలి బృందం 2012లో ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూపించింది. ఫాక్స్‌ఓ1 అనే ప్రొటీన్‌ను బీటా కణాల్లోంచి తీసేస్తే, ఒత్తిడి పెరిగినప్పుడు ఆ కణాలు ఇన్సులిన్ చేయడం మానేశాయి. కొన్నయితే గ్లూకగాన్ తయారుచేయడం మొదలుపెట్టాయి. గ్లూకగాన్ షుగర్‌ను పెంచే హార్మోన్! అంటే శరీరానికి రెండు వైపులా నష్టమే. మనుషుల్లో, షుగర్ ఉన్న అవయవదాతల క్లోమాల్లోనూ ఇలా మారిన కణాలు కనిపించాయి.

వీటిని నిద్ర లేపే పొడి ఏదీ లేదు. వాటి మీద భారం తగ్గించాలి, అంతే. అందుకు దారులు రెండు.

మొదటిది బరువు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో షుగర్ వచ్చి ఆరేళ్ల లోపు ఉన్నవారిని తీసుకున్నారు. వాళ్లెవరూ ఇన్సులిన్ మీద లేరు. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు లేదా ఎక్కువ తగ్గినవారిలోనైతే 86 శాతం మందికి. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడమే ఇందుకు ముఖ్య కారణమని ఆ పరిశోధకులు చెబుతారు. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 30కి దగ్గర్లో ఉంది, షుగర్ వచ్చి నాలుగేళ్లే. పదిహేనేళ్ల పాత షుగర్ అయితే నేనింత గట్టిగా చెప్పలేను. కానీ అలాంటి ఆహారం ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి. గ్లిమిపిరైడ్ వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు డాక్టర్ డోసు మార్చాలి. వణుకు, చెమటలు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూసుకోండి.

రెండోది, మీరు భయపడుతున్న ఇన్సులినే. బయటి నుంచి ఇన్సులిన్ అందితే షుగర్ తగ్గుతుంది, అలసిన బీటా కణాలకు కాస్త తెరిపి దొరుకుతుంది. చైనాలో కొత్తగా షుగర్ బయటపడినవారికి కొన్ని వారాలు ఇన్సులిన్ ఇచ్చి ఆపేశారు. ఏడాది తర్వాత కూడా వాళ్లలో దాదాపు సగం మందికి మందు అవసరం పడలేదు. మాత్రలతో మొదలైనవారిలో ఇది నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే. మీది కొత్త షుగర్ కాదు కాబట్టి అంత ఫలితం వస్తుందని మాటివ్వను. కానీ ‘మొదలుపెడితే వదలదు’ అన్న భయానికి ఆధారం లేదు. షుగర్ దిగి, బరువు తగ్గాక ఇన్సులిన్ ఆపగలిగినవారు ఎందరో ఉన్నారు. కొందరికి ఆపడం కుదరదు, అదీ నిజమే. అయితే అలాంటివారి క్లోమంలో మిగిలిన శక్తే తక్కువ, తప్పు ఇన్సులిన్‌ది కాదు.

సి-పెప్టైడ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. మీ క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో దాంతో తెలుస్తుంది. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు చేయిస్తే అది ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. కాబట్టి కాస్త అదుపులోకి వచ్చాక చేయించడం మేలు. వయసు చిన్నది, హెచ్‌బీఏ1సీ పెరుగుతోంది గనుక గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష కూడా అవసరమా అని అడగండి. అది పాజిటివ్ వస్తే మీది రోగనిరోధక వ్యవస్థే బీటా కణాలను దెబ్బతీసే రకం కావచ్చు, చికిత్స దారి మారుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. రెటీనా ఇప్పటికే దెబ్బతిని ఉంటే షుగర్‌ని మరీ వేగంగా దించకుండా డాక్టర్ జాగ్రత్తపడతారు.